ఎముకలకు కాల్షియం – ఇంటిల్లిపాదీ తెలుసుకోవలసిన విషయాలు

కాల్షియం అనగానే చాలామందికి మందుల షాపులో దొరికే తెల్లటి మాత్ర గుర్తుకొస్తుంది. ముసలితనంలో మోకాళ్ళు నొప్పి పుట్టినప్పుడు వేసుకునే మాత్ర అది అనుకుంటారు. నిజానికి కాల్షియం అవసరం బిడ్డ తల్లి కడుపులో ఉండగానే మొదలవుతుంది, చివరి రోజు వరకు ఉంటుంది. అది మాత్రలో కంటే ముందు మన వంటింట్లో ఉంది. తుంటి ఎముక విరిగి మంచాన పడిన పెద్దవాళ్ళను చూసుకుంటున్న కుటుంబాలు, గర్భిణీలు, బాలింతలు, ఎదిగే పిల్లలు ఉన్న కుటుంబాలు ఈ పాఠాన్ని శ్రద్ధగా చదవండి. చదవడం రానివారికి చదివి వినిపించండి.

కాల్షియం ఏం చేస్తుంది?

పెద్దవారి శరీరంలో సుమారు ఒక కిలో కాల్షియం ఉంటుంది. అందులో నూటికి 99 పాళ్ళు ఎముకల్లోను, పళ్ళల్లోను ఉంటుంది. మిగిలిన ఒక్క పాలు రక్తంలో, కండరాల్లో, ఇతర కణాల్లో ఉంటుంది. ఆ ఒక్క పాలే లేకపోతే గుండె సరిగా కొట్టుకోదు, కండరాలు కదలవు, నరాలు పనిచేయవు, గాయమైతే రక్తం గడ్డకట్టదు.

అందుకే రక్తంలో కాల్షియం తగ్గకుండా శరీరం గట్టి కాపలా పెట్టుకుంది. మెడలో థైరాయిడ్ గ్రంథి వెనుక పారాథైరాయిడ్ అనే నాలుగు చిన్న గ్రంథులు ఉంటాయి. తిండిలో కాల్షియం తక్కువై రక్తంలో కొద్దిగా తగ్గగానే ఈ గ్రంథులు ఒక హార్మోనును విడుదల చేస్తాయి. ఆ హార్మోను ఎముకల నుంచి కాల్షియం తీసి రక్తంలోకి పంపుతుంది. మనం తినకపోయినా గుండె ఆగకుండా ఎముక తన ఒంట్లోది ఇచ్చి కాపాడుతుంది. ఇలా ఏళ్ళ తరబడి జరిగితే ఎముక లోపల గుల్లబారుతుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం గమనించండి. “రక్తపరీక్షలో కాల్షియం నార్మల్ వచ్చింది కదా, మరి ఎముక ఎందుకు విరిగింది సిస్టర్?” అని మమ్మల్ని చాలామంది అడుగుతారు. రక్తంలో కాల్షియం సరిగా ఉన్నంత మాత్రాన ఎముకలు గట్టిగా ఉన్నట్టు కాదు. ఎముకల్లోంచి తీసి రక్తాన్ని నింపినా రిపోర్టులో నార్మల్ అనే వస్తుంది. ఎముక బలం తెలియాలంటే డెక్సా అనే స్కాన్ చేయాలి. అందులో టి-స్కోరు మైనస్ 2.5 గాని, అంతకంటే కిందకు గాని ఉంటే ఎముకలు గుల్లబారాయని అర్థం. మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య ఉంటే ఎముక తరగడం మొదలైందని, జాగ్రత్తపడాలని అర్థం.

ఏ వయసులో ఎంత కావాలి?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన లెక్కల ప్రకారం రోజుకు కావలసిన కాల్షియం ఇది:

– 1 నుంచి 3 ఏళ్ళ పిల్లలకు: 500 మి.గ్రా.
– 4 నుంచి 6 ఏళ్ళ వరకు: 550 మి.గ్రా.
– 7 నుంచి 9 ఏళ్ళ వరకు: 650 మి.గ్రా.
– 10 నుంచి 12 ఏళ్ళ వరకు: 850 మి.గ్రా.
– 13 నుంచి 18 ఏళ్ళ వరకు: 1000 నుంచి 1050 మి.గ్రా.
– పెద్దలకు, గర్భిణీలకు: 1000 మి.గ్రా.
– పాలిచ్చే తల్లులకు: 1200 మి.గ్రా.

ముట్లు ఆగిపోయిన స్త్రీలకు కూడా 1200 మి.గ్రా. వరకు అవసరమని వైద్యులు చెబుతారు. 2010 నాటి లెక్కల్లో పెద్దలకు 600 మి.గ్రా. చాలని ఉండేది. పాత పుస్తకాల్లో ఆ అంకె కనిపిస్తే తికమకపడవద్దు.

ఎముక బలం చాలావరకు పద్దెనిమిది, ఇరవై ఏళ్ళలోపే ఏర్పడుతుంది. ముప్పై ఏళ్ళ దాకా కాస్త పెరుగుతుంది. ఆ తర్వాత ఉన్నదాన్ని కాపాడుకోవడమే. స్త్రీలకు ముట్లు ఆగిన తర్వాత ఈస్ట్రోజెన్ హార్మోను తగ్గిపోతుంది. అప్పుడు మొదటి అయిదారేళ్ళలో ఎముక వేగంగా తరుగుతుంది. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా చిన్న వయసులోనే తీయించుకున్నవారికి ఈ ప్రమాదం ఇంకా ముందే వస్తుంది. అలాంటివారు మీ ఇంట్లో ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

మన వంటింట్లో కాల్షియం

మన తిండిలో ఎక్కువ భాగం అన్నం. వంద గ్రాముల బియ్యంలో ఉండే కాల్షియం సుమారు 10 మి.గ్రా. మాత్రమే. అంటే ఒక్క అన్నంతోనే రోజుకు కావలసిన 1000 మి.గ్రా. రావాలంటే పది కిలోల బియ్యం వండుకోవాలి! కడుపు నిండినా ఎముక నిండదని దీన్నిబట్టి తెలుస్తుంది. అన్నంలో కలుపుకునేది ఏమిటన్నదే అసలు విషయం.

వంద గ్రాముల్లో సుమారుగా ఎంత కాల్షియం ఉంటుందో చూడండి:

– నువ్వులు: 1200 మి.గ్రా. పైన
– కరివేపాకు: 650 మి.గ్రా. పైన
– రాగులు (చోళ్ళు): 350 మి.గ్రా.
– తోటకూర: 330 మి.గ్రా.
– మునగాకు: 300 మి.గ్రా. పైన
– ఉలవలు: 270 మి.గ్రా.
– పాలు, పెరుగు: 120 నుంచి 150 మి.గ్రా.

ముల్లుతో సహా తినే ఎండు నెత్తళ్ళ వంటి చిన్న చేపల్లో కూడా కాల్షియం బాగా ఉంటుంది. ముల్లు తీసేస్తే కాల్షియం కూడా పోయినట్టే.

అంకెలు చూసి పాలల్లో తక్కువ ఉందనుకోవద్దు. పాలు ఒక గ్లాసు సులువుగా తాగుతాం, నువ్వులు వంద గ్రాములు ఎవరూ తినరు. పైగా పాలల్లో ఉన్న కాల్షియంలో సుమారు మూడో వంతు ఒంటికి పడుతుంది. ఆకుకూరలన్నీ ఒకటి కావు. పాలకూరలో ఆక్సలేట్ అనే పదార్థం ఎక్కువగా ఉండి కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. దానిలోని కాల్షియం నూటికి అయిదు పాళ్ళు కూడా ఒంటికి పట్టడం కష్టం. పాలకూర తినండి, కానీ దాన్ని కాల్షియం లెక్కలో వేసుకోకండి. తోటకూరలోనూ ఆక్సలేట్ కొంత ఉంటుంది. అందుచేత మునగాకు, మెంతికూర, కరివేపాకు పొడి వంటివి మార్చి మార్చి వాడండి. కూరలో వేసిన కరివేపాకును ఏరి పక్కన పెట్టకుండా, ఎండబెట్టి పొడి కొట్టి అన్నంలో కలుపుకుంటే పిల్లలు కూడా తింటారు.

రాగులు, ఉలవలు, పప్పుల్లో ఫైటేట్ అనే పదార్థం ఉంటుంది. అది కూడా కాల్షియాన్ని కొంత అడ్డుకుంటుంది. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం వల్ల ఫైటేట్ తగ్గుతుంది. రాగులు మొలకెత్తించి, నీడన ఆరబెట్టి, దోరగా వేయించి పిండి పట్టించడం, రాత్రి అంబలి కాచి పులియబెట్టి పొద్దున మజ్జిగ కలుపుకుని తాగడం మన పెద్దవాళ్ళకు తెలిసిన పద్ధతులే. ఆ అలవాటును తిరిగి ఇంటికి తెచ్చుకోండి.

ఒక రోజు భోజనం – ఉదాహరణ

ఖరీదైన ఆహారం అక్కరలేదు. ఈ లెక్క చూడండి:

– పొద్దున గుప్పెడు (40 గ్రాములు) రాగిపిండితో జావ: 140 మి.గ్రా.
– ఒక గ్లాసు పాలు (200 మి.లీ.): 240 మి.గ్రా.
– మధ్యాహ్నం మునగాకు పప్పు (ఆకు 50 గ్రాములు): 170 మి.గ్రా.
– ఒక కప్పు పెరుగు: 200 మి.గ్రా.
– సాయంత్రం నువ్వుల ఉండ (నువ్వులు 15 గ్రాములు): 180 మి.గ్రా.
– రాత్రి చిన్న కప్పు పెరుగు: 120 మి.గ్రా.

మొత్తం సుమారు 1050 మి.గ్రా. పాలు కొనలేని ఇంట్లో రాగి సంగటి, ఉలవచారు, నువ్వుల పొడి, మునగాకు ఎక్కువగా పెట్టుకోండి. మునగచెట్టు పెరట్లో ఉంటే కాయలు మాత్రమే కోసుకుని ఆకు వదిలేయకండి. పాలు తాగితే కడుపు ఉబ్బరించేవారికి పెరుగు, మజ్జిగ సాధారణంగా సరిపడతాయి. అయితే గ్లాసుడు నీళ్ళలో చెంచాడు పెరుగు కలిపిన మజ్జిగను పెరుగుతో సమానంగా లెక్కపెట్టవద్దు.

షుగరు ఉన్నవారు జావలో బెల్లం వేసుకోకుండా మజ్జిగ, ఉప్పు కొద్దిగా వేసుకోవాలి. రాగిలో కూడా పిండిపదార్థం ఉంది కనుక కొలత మించకూడదు.

ఎండ లేకపోతే తిన్నది ఒంటికి పట్టదు

తిన్న కాల్షియం పేగుల నుంచి రక్తంలోకి వెళ్ళాలంటే విటమిన్ డి కావాలి. దాన్ని మన చర్మం ఎండలో తయారు చేసుకుంటుంది. మనది ఎండల దేశం, మనకు లోపం ఎందుకు వస్తుందని అనుకుంటాం. తిరుపతి స్విమ్స్ వైద్యులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న మన ప్రాంతం వారిలోనే తిండిలో కాల్షియం తక్కువగా, ఫైటేట్ ఎక్కువగా ఉందని, విటమిన్ డి లోపం పట్నంలోనే కాక పల్లెల్లో కూడా ఎక్కువగా ఉందని తేలింది.

ఉదయం పదకొండు నుంచి మధ్యాహ్నం రెండు మధ్య ఎండలో విటమిన్ డి బాగా తయారవుతుంది. తెల్లవారుజాము లేత ఎండ హాయిగా ఉంటుంది కానీ ఈ పనికి చాలదు. మన నీడ మన ఎత్తుకంటే పొట్టిగా ఉన్న సమయం మంచి సమయమని గుర్తు పెట్టుకోండి. ముఖం, చేతులు, కాళ్ళకు వారంలో నాలుగైదు రోజులు 15 నుంచి 30 నిమిషాలు ఎండ తగలనివ్వండి. కిటికీ అద్దం లోంచి వచ్చే ఎండ పనికిరాదు. వేసవిలో వడదెబ్బ తగలకుండా తక్కువసేపు ఉంటే చాలు. మంచాన ఉన్న పెద్దవారిని కుర్చీలో కూర్చోబెట్టి వాకిట్లోకి తీసుకురండి.

గర్భిణీలు, బాలింతలు

కడుపులో బిడ్డ పుట్టేనాటికి తల్లి నుంచి సుమారు 30 గ్రాముల కాల్షియం తీసుకుంటుంది. అందులో ఎక్కువ భాగం చివరి మూడు నెలల్లోనే. పాలిచ్చే తల్లి రోజూ 200 మి.గ్రా. పైగా కాల్షియాన్ని తన పాలతో బిడ్డకు ఇస్తుంది. తల్లి తిన్నా తినకపోయినా బిడ్డకు ఇవ్వవలసింది ఆమె ఒళ్ళు ఇస్తూనే ఉంటుంది.

అయినా మన ఇళ్ళలో బాలింతకు పథ్యం పేరుతో పెరుగు చలవ అని, ఆకుకూరలు బిడ్డకు విరేచనాలు చేస్తాయని, పాలు పడవని మాన్పిస్తారు. కారప్పొడి, వెల్లుల్లి, అన్నంతో నెలలు గడుస్తాయి. అత్తగారికి, అమ్మగారికి మా మనవి ఒక్కటే. వెల్లుల్లి పెట్టండి, కారప్పొడి పెట్టండి, మంచిదే. దాంతోపాటు పాలు, పెరుగు, పప్పు, ఆకుకూర, గుడ్డు కూడా పెట్టండి. బిడ్డకు వీటివల్ల హాని లేదు.

ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం గర్భిణీకి నాలుగో నెల నుంచి కాన్పయ్యే వరకు, ఆ తర్వాత ఆరు నెలల వరకు రోజుకు రెండు కాల్షియం మాత్రలు ఇస్తారు. కాల్షియం తక్కువగా తినే తల్లులకు ఈ మాత్రలు గర్భంలో బి.పి. పెరిగే ప్రమాదాన్ని కూడా తగ్గిస్తాయి. కాబట్టి ఏ.ఎన్.ఎం. గాని, ఆశా కార్యకర్త గాని ఇచ్చిన మాత్రలు అలమరలో పెట్టి మరిచిపోకండి.

మాత్రలు వేసేవారికి సూచనలు

ఇంట్లో మాత్రలు ఇచ్చేది మీరే కనుక ఈ భాగం రెండుసార్లు చదవండి.

1. కాల్షియం కార్బొనేట్ మాత్ర తిన్న తర్వాత వేయాలి. ఒకేసారి 500 మి.గ్రా. కంటే ఎక్కువ ఒంటికి సరిగా పట్టదు. రెండు మాత్రలు రాస్తే ఒకటి పొద్దున, ఒకటి రాత్రి ఇవ్వండి.

2. ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర కలిపి వేయవద్దు. కనీసం రెండు గంటల తేడా ఉండాలి.

3. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసేవారు కాల్షియం మాత్రకు నాలుగు గంటల ఎడం ఇవ్వాలి. కొన్ని యాంటీబయాటిక్ మందులు కూడా కాల్షియంతో కలిస్తే పనిచేయవు. కొత్త మందు రాసినప్పుడు ఇంట్లో వాడుతున్నవన్నీ డాక్టరుకు చూపించండి.

4. విటమిన్ డి 60,000 యూనిట్ల గుళిక గాని, పొడి పొట్లం గాని ఇచ్చినప్పుడు అతి జాగ్రత్త. అది సాధారణంగా వారానికి ఒకటి, డాక్టరు చెప్పినన్ని వారాలే. రోజుకొకటి చొప్పున వేస్తే రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరిగి వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం, మతి తప్పడం, కిడ్నీ దెబ్బతినడం వరకు వెళుతుంది. ఏ వారం వేయాలో ఆ రోజును క్యాలెండరులో గుర్తు పెట్టండి. చీటీ మీద రాసింది అర్థం కాకపోతే ఇంటికి వెళ్ళకముందే నర్సును అడగండి.

5. కిడ్నీ జబ్బు ఉన్నవారికి డాక్టరు చెప్పకుండా కాల్షియం గాని, విటమిన్ డి గాని ఇవ్వవద్దు.

6. ఎముకలు గుల్లబారినవారికి కాల్షియం ఒక్కటే చాలదు. వారానికొకసారి వేసే అలెండ్రొనేట్ వంటి మాత్ర రాస్తే పొద్దున పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్ళతో వేసి, అరగంట సేపు పడుకోనివ్వకుండా కూర్చోబెట్టండి. వెంటనే పడుకుంటే అన్నవాహిక పుండు పడుతుంది. ఆ అరగంటలో కాఫీ, టిఫిను, ఇతర మాత్రలు ఏవీ ఇవ్వకూడదు.

అపోహలు – వాస్తవాలు

“కిడ్నీలో రాళ్ళున్నాయి, పాలు పెరుగు మానేయాలి.” ఇది సరికాదు. భోజనంతో తీసుకున్న కాల్షియం పేగుల్లోనే ఆక్సలేట్‌ను పట్టుకుని బయటకు పంపుతుంది. పాలు, పెరుగు పూర్తిగా మానేస్తే రాళ్ళు పెరిగే అవకాశం ఉంది. మాత్రల విషయం మాత్రం డాక్టరును అడగాలి.

“తాంబూలంలో సున్నం వేసుకుంటున్నాం, అదే కాల్షియం.” వక్క, పొగాకు నోటి క్యాన్సరుకు దారితీస్తాయి. సున్నం నోటి పొరను కాలుస్తుంది. కాల్షియం కోసం తాంబూలం వద్దు.

“నొప్పులకు ఎవరో ఇచ్చిన పొడి వేసుకుంటే వెంటనే తగ్గింది.” పేరు లేని పొడుల్లో, మాత్రల్లో స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చు. స్టెరాయిడ్ నెలల తరబడి వాడితే నొప్పి తెలియకుండానే ఎముక గుల్లబారుతుంది.

“ఉప్పుకు, ఎముకకు సంబంధం లేదు.” ఉంది. ఉప్పు ఎక్కువైతే మూత్రంలో కాల్షియం ఎక్కువగా పోతుంది. ఆవకాయ, అప్పడాలు, వడియాలు మితంగా వాడండి. బీడీ, చుట్ట, మద్యం కూడా ఎముకను దెబ్బతీస్తాయి.

పడిపోకుండా చూడండి

గుల్లబారిన ఎముక నొప్పి పుట్టదు. కొందరిలో వెన్నుపూసలు నలిగి ఎత్తు తగ్గుతుంది, వీపు గూని అవుతుంది. చాలామందిలో జారిపడిన రోజే సంగతి బయటపడుతుంది. కాబట్టి కాల్షియం ఇవ్వడం ఎంత ముఖ్యమో, పడకుండా చూడటమూ అంతే ముఖ్యం.

స్నానాల గది నేల నాచు పట్టకుండా రుద్ది, ఆరబెట్టండి. గోడకు పట్టుకునే కడ్డీ వేయించండి. రాత్రి మంచం నుంచి మరుగుదొడ్డి దాకా దీపం ఉంచండి. అరిగిపోయిన చెప్పులు, కాళ్ళకు అడ్డుపడే చాపలు, నేల మీద వైర్లు తీసేయండి. మంచం ఎత్తు పాదాలు నేలకు ఆనేలా ఉండాలి. కంటి చూపు పరీక్ష చేయించండి. రోజూ నడక, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం వంటివి కాళ్ళకు బలాన్ని, ఎముకకు పనిని ఇస్తాయి. పని లేని ఎముక త్వరగా తరుగుతుంది.

పెద్దవారు పడిన తర్వాత లేవలేకపోతే, ఒక కాలు పొట్టిగా అయి పాదం బయటకు తిరిగితే తుంటి ఎముక విరిగిందని అనుమానించండి. కాలు లాగడం, నూనె రాసి తోమడం, నడిపించి చూడటం చేయవద్దు. కదలకుండా చెక్క మీద గాని, మంచం మీద గాని పడుకోబెట్టి వెంటనే ఎముకల డాక్టరు ఉన్న ఆసుపత్రికి తీసుకురండి. “ఈ వయసులో ఆపరేషన్ ఎందుకు, ఇంట్లో పడుకోబెడదాం” అనుకునే కుటుంబాలు ఉన్నాయి. వారి భయం మాకు అర్థమవుతుంది. కానీ నెలల తరబడి మంచాన పడుకోబెడితే పడక పుండ్లు, న్యుమోనియా, కాళ్ళలో రక్తం గడ్డకట్టడం వస్తాయి. ఎముక విరగడం కంటే వీటివల్లే ఎక్కువ ప్రాణాపాయం. శరీరం తట్టుకోగలిగితే ఒకటి రెండు రోజుల్లోనే ఆపరేషన్ చేయించి, వాకర్‌తో త్వరగా లేపి నిలబెట్టడం మంచిది. ఆ నిర్ణయాన్ని వాయిదా వేయకుండా డాక్టరుతో కూర్చుని మాట్లాడండి.

ఎప్పుడు వెంటనే రావాలి?

– మూతి చుట్టూ, వేళ్ళ చివర తిమ్మిర్లు, చేతివేళ్ళు కొంకర్లు పోవడం, ఫిట్స్ (ముఖ్యంగా థైరాయిడ్ ఆపరేషన్ అయినవారిలో)
– చిన్నగా పడినా, బరువు ఎత్తినా నడుములో హఠాత్తుగా తీవ్రమైన నొప్పి
– నడక వచ్చిన బిడ్డకు కాళ్ళు విల్లులా వంగడం, మణికట్లు లావుగా ఉండటం
– విటమిన్ డి వాడుతున్నవారికి వాంతులు, విపరీతమైన దాహం, మగత

ఈ పుస్తకం మూసేముందు మీ ఇంట్లో నిన్న ఒక్కొక్కరు ఏం తిన్నారో ఒక కాగితం మీద రాసి చూడండి. పైన ఇచ్చిన లెక్కతో పోల్చండి. సాధారణంగా అందరికంటే తక్కువ వచ్చేది అందరికీ వడ్డించి ఆఖరున మిగిలింది తినే ఇల్లాలికే. అడుగున మిగిలిన పెరుగు కాకుండా, ముందుగానే ఆమె కప్పు తీసి పక్కన ఉంచండి. పదేళ్ళ కూతురికి, కొడుకుకు ఇద్దరికీ ఒకే గ్లాసుతో పాలు పొయ్యండి. మందుల గురించి ఏ సందేహం ఉన్నా డిశ్చార్జి రోజున సిగ్గుపడకుండా మమ్మల్ని అడగండి. మీకు అర్థమయ్యే దాకా చెప్పడం మా పనే.